చెంచమ్మ తూకం, కొడుకుల తరుగు

ఊళ్ళో తెలివంతా పోగేసి తూస్తే సగం తన గడపలోనే తేలుతుందని చెంచమ్మ నమ్మకం. మిరప యార్డులో తరతరాలుగా కాటా పట్టే ఇల్లు మరి. కొడుకులు పేరయ్య, కోటిలింగం ఇద్దరూ ఆ కాటా దగ్గరే పెరిగారు. కాపురానికొచ్చిన కొత్తలో తనని "బక్కది" అన్న ఆడపడుచుతో చెంచమ్మ ఈనాటికీ మాట్లాడదు. తూచకుండా అనడమేమిటని!

అలాంటి చెంచమ్మకి కడుపులో క్యాన్సరు వచ్చింది. మనిషి ఎండుమిరపకాయలా అయిపోయింది. డాక్టరమ్మ బలం పొడి డబ్బా చేతికిచ్చింది.

"పాలల్లో కలిపి పట్టండి. ఇంకా బరువు తగ్గితే సూదిమందు ఆపెయ్యాల్సి వస్తుంది. ఒక్కతే తినలేదు పాపం, మీరూ పక్కన కూర్చుని తినండి."

అంతే! ఇంటికి రాగానే తల్లిని మధ్యలో కూర్చోబెట్టి, కొడుకులు అటొకడూ ఇటొకడూ చేరి గరిటెలతో పొడి బుక్కడం మొదలెట్టారు.

"ఒరే, నాకేదిరా?"

"నువ్వు కూర్చోవే అమ్మా! పక్కన కూర్చుని తినమంది మమ్మల్ని."

ఇంకేముంది, పొద్దుగూకేసరికి డబ్బా ఖాళీ.

మర్నాడు పెద్దకోడలు నాంచారి వచ్చి, "ఏం తింటావత్తా?" అంది.

చెంచమ్మకి ఒళ్ళు మండింది. "నా తలకాయ!"

కొడుకులూ కోడలూ ముగ్గురూ తర్జనభర్జన పడ్డారు.

"రోగి అడిగింది కాదనకూడదు," అన్నాడు పేరయ్య.

"తలకాయ తీస్తే తూకం తగ్గదూ? సూదిమందు ఆపేస్తారు!" అన్నాడు కోటిలింగం.

నిజమే కదా అని మేక తలకాయ తెచ్చి వండారు. ఆ వాసనకే చెంచమ్మకి డోకొచ్చింది. కూర పారెయ్యకూడదని అదీ కొడుకులే లాగించారు.

తూకం రోజు ఆస్పత్రిలో తల్లితో పాటు ఇద్దరూ కాటా ఎక్కేశారు. "లాటంతా, ముగ్గురి సరుకూ కలిపి చూడండమ్మా, పెరిగింది!"

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుని వాళ్ళని దింపింది. చెంచమ్మ ఒక్కతీ తూగితే ముల్లు వెనక్కే పోయింది.

"ఈ వారం మందు లేదు. పొడి మామ్మగారి నోట్లోకే పోవాలి, తెలిసిందా?"

చెంచమ్మ కొడుకులతో మాట మానేసింది. కొత్త డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళని గుమ్మం అవతల కూర్చోబెట్టి, తనే కలుపుకుని గుటక గుటకగా తాగింది. వారం తిరిగేసరికి ఆస్పత్రి కాటా మీద కిలో పెరిగింది.

"ఇవాళ మందెక్కిద్దాం మామ్మా!" అంది నర్సు.

"ఆగు పిల్లా! చీర తరుగు తియ్యలేదు. గోనెతో తూచి సరుకంటావా?"

"పోయినసారీ చీరతోనే తూశాం మామ్మా!"

అది న్యాయంగానే తోచి చెంచమ్మ మంచమెక్కింది. నర్సు మందుసీసా వేలాడదీసి, సూది కోసం అటు తిరిగింది. చెంచమ్మ సీసా వంక చూసింది. ఇంత పెద్ద సీసా, అందులో మందెంతో! కోపం మరిచిపోయి, గుమ్మంలో నిలబడ్డ కొడుకుని పిలిచింది.

"ఒరే పేరయ్యా, సీసా బరువు నా ఒంట్లోకి పోదుగా. దాని తరుగెంతో చూడరా."

అంతే! పేరయ్య సీసా దింపాడు. బిరడా ఊడబెరికి, మందంతా చేతులు కడిగే తొట్టిలో ఒంపేసి, చుక్క లేకుండా దులిపి, ఖాళీ సీసాని కాటా మీద పెట్టాడు.

"చూడవే అమ్మా! గింజ తేడా లేకుండా తీశాను తరుగు!"

నర్సు కెవ్వుమంది. చెంచమ్మ మాత్రం తలగడ మీద వాలి, "కాటా ఇంటి బిడ్డవనిపించావురా," అని, సూది కోసం చెయ్యి చాపింది.