హద్దులేని ఫిర్యాదు వ్రతము: చూడిగేదె తిరిగి వచ్చిన కథ

అక్షతలు పట్టుకొంటిరా? ఫోనులు పక్కన పెట్టి దీపము వైపు తిరిగి కూర్చొనుడు. న్యాయలక్ష్మి కథ చెప్పుచుండగా కునికెడివారికి సగము ఫలము కూడ దక్కదు, ముందే చెప్పుచున్నాను.

మునులందరు కూడిన వేళ సంశయ మహాముని లేచి నిర్భయ మహర్షికి మ్రొక్కి, కలియుగమున సొత్తు పోగొట్టుకొన్నవాడు దొంగకంటె ఠాణాకే ఎక్కువ భయపడుచున్నాడు, ఆ భయము పోగొట్టు వ్రతమేదైన కలదా యని అడిగెను. మహర్షి ఆ ప్రశ్నకు ఎంతయు సంతోషించి ఇట్లు చెప్పదొడగెను.

వంశధార ఒడ్డున గోపాలవలస యను ఊరిలో పైడిరాజు, గవరమ్మ యను దంపతులు పాలు పోసి బ్రతుకుచుండిరి. వారికి రెండు గేదెలు. ఒకనాడు వానిలో ఒకటి దొంగల పాలయ్యెను. ఫిర్యాదు చేయుమని ఇరుగుపొరుగువారు చెప్పిరి. పైడిరాజు వింటేగా! "మా ఇంట్లో ఎవులూ టేసను గుమ్మం ఎక్కనేదు. ఆ సెడ్డపేరు నాకొద్దు" అని మీసము దువ్వి, సోదె చెప్పించుకొని, గుమ్మమునకు నిమ్మకాయలు కట్టి కూర్చుండెను. అడిగేవాడు లేడని తెలిసిన దొంగ ఊరకుండునా? కొలది దినములకే మరల వచ్చెను.

ఈసారి పోయినది నుదుట తెల్లచుక్క గల చూడిగేదె. దాని పేరు మల్లి. నేడో రేపో ఈనవలసినది. కల్వర్టు వద్ద మేయుచున్నదానిని పట్టపగలే వ్యానులో ఎక్కించుకొని పోయిరి. మరునాడే పశువుల సంత. అక్కడ చేతులు మారి లారీ ఎక్కినచో గేదె దక్కదు, కడుపులోని దూడయు దక్కదు. ఆ ఇంటికి వేరు జీవనాధారము లేదు.

పైడిరాజుకు అప్పటికి గాని బుద్ధి రాలేదు. పరుగున పోయెను. కాని ఏమి లాభము? కల్వర్టుకు ఇవతల తూర్పు ఠాణా, అవతల పడమటి ఠాణా. తూర్పువారు అది మా హద్దు కాదనిరి. పడమటివారు మాది అసలే కాదనిరి. అటు నిటు తిరిగి తిరిగి అతడు ఇంటికి వచ్చి ముసుగుతన్ని పడుకొనెను. తెల్లవారినను లేవకపోగా గవరమ్మకు ఒళ్లు మండెను. "నువ్వు తొంగుంటే గొడ్డు నడుసుకొని వస్తాదేటి?" అని దుప్పటి లాగివైచి, ఊరి బడిలో న్యాయసేవా శిబిరము జరుగుచున్నదని విని అక్కడికి పోయెను.

ఆహా, ఆ తల్లి కరుణ ఏమని చెప్పుదును! న్యాయలక్ష్మియే నల్లకోటు తొడిగి, ప్లీడరమ్మ రూపమున అక్కడ కూర్చుండి యుండెను. ఆడవారికి ఈ సాయము ఉచితమని ధైర్యము చెప్పి, వ్రతవిధానము నిట్లు బోధించెను. నేరము ఎక్కడ జరిగినను, ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చును. దొంగతనము వంటి నేరమైనచో హద్దు కాదని పంపివేయరాదు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, తరువాత హద్దుగల ఠాణాకు వారే పంపవలెను. వ్రాయుట రానివారు నోట చెప్పినను చాలును. వ్రాసినది చదివించుకొని వినవలెను, సరిగా ఉన్నచో సంతకము చేయవలెను. చూచినదే చెప్పవలెను, పగవాని పేరు ఇరికించరాదు. అటుపై నకలు అడిగి తీసికొనవలెను. దానికి పైసా ఈయనక్కరలేదు.

గవరమ్మ మగని వెంటబెట్టుకొని తూర్పు ఠాణాకు పోయి, ఎస్సైగారి ఎదుట నిలిచి, "అవతలో ఇవతలో మీరూ మీరూ తేల్సుకోండి బాబూ. ముందు నాను సెప్పింది రాయండి. రాయనంటే జిల్లా ఎస్పీగారికి పోస్టులో పంపుతాను. అక్కడా కాదంటే కోర్టుకెల్తాను" అనెను. ఎస్సై ఆమెను ఎగాదిగా చూచి, కుర్చీ వేయించి, తానే వ్రాయించెను. నుదుట చుక్క, చీలిన ఎడమ చెవి, తోక చివర తెల్లని కుచ్చు, అన్నియు చెప్పి ఆమె వేలిముద్ర వేసెను.

ఇక చూడుడు పైడిరాజు ఘనకార్యము! కేసు కట్టిరన్న సంబరములో నకలు అక్కడనే బల్లపై వదలి, భార్యను తొందరపెట్టి సంతకు లాగుకొని పోయెను. ప్రసాదము తినక లేచిపోయిన వాని గతి ఏమగునో ఎరుగరా? సంతలో మల్లి కనబడెను. గవరమ్మ పిలువగా అరచెను కూడ. కాని బేరగాడు గేదె తనదేయని అడ్డము తిరిగెను. సంత కాపలా కానిస్టేబులు, ఫిర్యాదు కాగితమేదీ యని అడిగెను. పైడిరాజు జేబులు తడుముకొనెను. అవతల లారీ బల్ల దించిరి.

గవరమ్మ మగనిని గేదె మెడ విడువవద్దని కేక వేసి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కి ఠాణాకు పోయి నకలు తెచ్చెను. ఆమె వచ్చువరకు పైడిరాజు తన్నులు తినుచు తాడు విడువలేదు. అది మాత్రము చెప్పుకొనవలసిన మాటయే. కానిస్టేబులు నకలు బిగ్గరగా చదివెను. చుక్క సరిపోయెను. చెవి సరిపోయెను. తోక వంతు వచ్చుసరికి బేరగాడు మెల్లగా జారుకొనబోయెను. జనము పట్టి నిలిపిరి.

పంచాయితీ తేలువరకు గేదెను ఠాణా ఆవరణలో కట్టిరి. సాయంకాలమునకు మల్లి అక్కడనే పెయ్యదూడను ఈనెను. కానిస్టేబుళ్లు గోనెసంచులు పరచిరి, ఎస్సైగారి ఇంటినుండి బెల్లము వచ్చెను. పైడిరాజు దూడను ఒడిలో పెట్టుకొని అందరి ఎదుట వెక్కి వెక్కి ఏడ్చెను. తరువాత కోర్టు ఉత్తరువుతో తల్లిని, పిల్లను ఇంటికి తోలుకొని వచ్చిరి. బేరగాడు చెప్పిన గురుతులతో దొంగ పట్టుబడెను. మొదటి గేదెను అమ్మినది కూడ ఆ దొంగయేనని తేలి, అదియు తిరిగి వచ్చెను. ఇల్లు పాడితో నిండెను.

కావున సొత్తు పోయినవారు, దెబ్బలు తిన్నవారు, దారిలో వేధింపులు పడిన ఆడవారు, ఊరుగాని ఊరిలో మోసపోయినవారు ఈ వ్రతము ఆలస్యము చేయక ఆచరింపవలెను. చేసినవారికి భయము తొలగును, పోయినది వెదకు దారి తెరచుకొనును. ఒంటరిగా పోలేని వారికి పొరుగువారు తోడు పోవలెను. తోడు పోయినవారికిని సమాన ఫలము కలుగునని నిర్భయ మహర్షి చెప్పగా, సంశయ మహాముని తన పేరు మార్చుకొందునని మ్రొక్కెను.

అక్షతలు తల్లి పాదములపై ఉంచుడు. మీలో ఎవరైన ఇన్నాళ్లు నోరు మూసుకొని ఊరకున్నచో, హారతి కాగానే నాతో చెప్పుడు. చెప్పులు వేసికొని నేనే తోడు వత్తును.