వెడల్పు చేసిన బొరియ

వైశాఖ బహుళ ఏకాదశి, గురువారం, సరిగ్గా పొద్దుగూకే వేళ జరిగిన సంగతి ఇది. నల్లమల అడవిలో ఎర్రగుట్ట కింద ఒక ముళ్ళపందుల కుటుంబం ఉండేది. ఆ గుట్ట చుట్టూ దుప్పులు, ఎలుగులు, నెమళ్ళు తిరిగేవి. రేచుకుక్కల గుంపూ తిరిగేది. రేచుకుక్కలంటే అడవికంతా భయమే, ఇంట్లో ఉన్న ముళ్ళపందికి తప్ప. ఎందుకంటే వాటి బొరియ దారి బాగా ఇరుకు. ముళ్ళు వాల్చుకుని, ఒళ్ళు దగ్గరకు తీసుకుంటేనే లోపలికి పట్టేది. తాతల నాటి నుంచి ఆ ఇరుకే వాటికి కోట.

ఆ ఇంటి ఇల్లాలు చెంచమ్మ. ఆమె భర్త ఓబులేసు. చాలాకాలం పిల్లలు లేక, కొండమీది నరసింహస్వామికి మొక్కుకున్నాక కొడుకు పుట్టాడు. వాడికి నరసింహులని పేరు పెట్టుకుంది. ఆ తర్వాత పుట్టింది చిట్టి. దానికి ఇంకా ముళ్ళు గట్టిపడలేదు.

నరసింహులుకు ఈడొచ్చింది. గొంతు మారింది. వీపు మీద ముళ్ళు నలుపూ తెలుపూ తేలాయి. వాటితో పాటే కోపమూ పెరిగింది. పిలిస్తే పలకడు. ఏదైనా అడిగితే ముళ్ళు నిక్కబొడుస్తాడు. తల్లి తను తినకుండా దాచిన గడ్డను కాలితో తన్ని, "ఇదేం తిండి, అంతా మట్టి వాసన!" అంటాడు.

ఓబులేసు మందలించబోతే చెంచమ్మ అడ్డుపడేది.

"ఊరుకోవయ్యా! అది వాడి కోపం కాదు. స్వామి అంశ. ఆ ఉగ్రానికి ఎదురు వెళ్ళకూడదు."

"స్వామి అంశ అయితే గడ్డలు తన్నుతాడటే?"

"అలా అనకు, కళ్ళు పోతాయి."

ఆమె ఆ మాట నిజంగానే నమ్మింది. వాడు ముళ్ళు లేపుకుని వస్తుంటే లోలోపల దండం పెట్టుకునేది. "పక్కకు జరగవే చిట్టీ, అన్నయ్య వస్తున్నాడు" అనేది. చిట్టి గోడకు అతుక్కుని నిలబడేది.

ఒకనాడు వాడు ముళ్ళు దించకుండానే లోపలికి రాబోయి దారిలో ఇరుక్కున్నాడు. రెండు ముళ్ళు విరిగాయి.

"ఇది ఇల్లా, ఎలుక కన్నమా? దీన్ని వెడల్పు చేస్తే సరి. లేకపోతే మళ్ళీ ఈ గడప తొక్కను!" అని అరిచాడు.

చెంచమ్మ భర్త దగ్గరకు పరుగెత్తింది. "కొంచెం తవ్వితే పోలా? బిడ్డ ఇల్లు విడిచిపోతే నేను బతకను."

"ఇరుకు పోతే మన ప్రాణానికి కాపలా పోయినట్టేనే."

"ఎన్ని ఉపవాసాలు ఉండి కన్నానో నీకు తెలీదా?" అని ఏడ్చింది. ఓబులేసు తల వంచుకుని గోళ్ళతో తవ్వాడు.

పక్క బొరియలో ఓబులేసు చెల్లెలు సుంకులమ్మ ఉండేది. వాకిట్లో మట్టికుప్ప చూసి ఆగింది.

"ఏంటి వదినా ఇది? పెళ్ళివారు ఏనుగెక్కి వస్తున్నారా?"

చెంచమ్మ సంగతంతా చెప్పింది. సుంకులమ్మ నవ్వు ఆపి పక్కన కూర్చుంది.

"మా అబ్బాయి మద్దిలేటిదీ నరసింహస్వామి పేరే వదినా. వాడూ ముళ్ళు లేపుకుని వచ్చాడు. నేను దారికి అడ్డంగా కూర్చున్నాను. 'దించుకుని రా నాయనా. నువ్వు తినేదాకా నేనూ తినను. దారి మాత్రం ఇంతే' అన్నాను. అలిగి బయటే కూర్చున్నాడు. నేనూ కదల్లేదు. చివరికి ఏడ్చాడు. కొత్త ముళ్ళు మొలిచేచోట ఒకటే మంటట! వేపాకు నమిలి పూశాను. అదీ వాడి ఉగ్రం."

"మీ వాడిది వేరు. మా వాడిది అంశ."

సుంకులమ్మ లేచి నిలబడింది. "స్వామి ఉగ్రం హిరణ్యకశిపుడి మీద వదినా. ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మీ ఇంట్లో ఆ ఉగ్రానికి గోడకు అతుక్కుంటున్నది చిట్టి."

చెంచమ్మకు ఆ మాట గుచ్చుకుంది. ఆడపడుచు నోరు అంతేలే అనుకుని ఊరుకుంది.

ఏకాదశి వచ్చింది. మర్నాటి పారణకు గడ్డలు తేవాలని, నిద్రపోతున్న చిట్టిని వదిలి చెంచమ్మా ఓబులేసూ బయలుదేరారు. బొరియలో ఉన్న పిల్ల దేవుడి ఒళ్ళో ఉన్నట్టే అని ముళ్ళపందుల మాట. నరసింహులు స్నేహితులతో వాగు దగ్గరికి పోయాడు.

ఒక రేచుకుక్క అటుగా వచ్చింది. రోజూ ఆ గడప వాసన చూసి వెళ్ళిపోయేదే. ఈసారి తల పట్టింది. భుజాలూ పట్టాయి.

తల్లీతండ్రీ తిరిగి వచ్చేసరికి వాకిట్లో నాలుగు మెత్తని ముళ్ళు పడి ఉన్నాయి. చిట్టి లేదు.

ఓబులేసు ఉన్నచోటే కూలబడ్డాడు. "తవ్వింది నేనే" అన్నాడు.

నరసింహులు వచ్చాడు. సంగతి విన్నాడు. అలవాటుగా ముళ్ళు లేచాయి. "నన్నెందుకలా చూస్తారు? నాలో స్వామి ఉన్నాడని అన్నది నువ్వే కదమ్మా!"

చెంచమ్మ ఇన్నాళ్ళు పూజించిన ఆ ఉగ్రం, కావలసిన పూట ఇంట్లో లేదు.

మర్నాడు ద్వాదశి. తెల్లవారినా ఆ ఇంట్లో ఎవరూ పారణ చేయలేదు. చెంచమ్మా ఓబులేసూ మట్టిని మళ్ళీ దారిలోకి నెట్టి తొక్కడం మొదలుపెట్టారు. సుంకులమ్మ మద్దిలేటిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్క దెప్పిపొడుపు మాట అనకుండా తల్లీకొడుకులు మట్టి మోశారు. పని కాగానే ఇద్దరూ మెల్లగా తమ ఇంటికి వెళ్ళారు.

నరసింహులు వాకిట్లో నిలబడ్డాడు. "ఇందులో నేనెలా పడతాను?" అన్నాడు.

చెంచమ్మ దారికి అడ్డంగా కూర్చుంది. "ముళ్ళు దించుకో నాయనా. పడతావు."

వాడు తల్లి ముఖం చూశాడు. ఒక్కొక్క ముల్లూ వాలింది. ఒళ్ళు దగ్గరకు తీసుకుని, ఏ గొడవా లేకుండా లోపలికి వెళ్ళాడు.

చెంచమ్మ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. 'ఇంత చిన్న మాటా! దీనికా నాకు నోరు రాలేదు!' అనుకుంది.

నీతి: బిడ్డ కోపానికి భయపడి ఇంటి కట్టుబాటు సడలిస్తే, ఆ సందులోంచే శత్రువు దూరుతాడు.