కొండముచ్చు చెంగన్న మానుకున్న బజ్జీలు

అనగనగా ఒక కొండ అడవిలో, ఘాట్ రోడ్డు మెలిక తిరిగే చోట, చెంగన్న అనే కొండముచ్చు ఉండేవాడు. ఎంత చురుకో తెలుసా పిల్లలూ! ఒక్క దూకుతో ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదికి పోయేవాడు. అడవికంతా వాడే కావలి. చిటారు కొమ్మన కూర్చుని, చిరుతపులి కనబడగానే "ఖ్యాక్! ఖ్యాక్!" అని అరిచేవాడు. జింకలన్నీ తుర్రుమనేవి.

ఒక ఏడాది ఆ రోడ్డు మలుపులో బజ్జీల బండి వెలిసింది. బస్సులు ఆగేవి. జనం తిన్నంత తిని మిగిలింది విసిరేసేవారు. చెంగన్న నేస్తం గంగులు, ఎర్రమూతి కోతి, అక్కడే మకాం పెట్టాడు.

"రారా చెంగన్నా! మేకలాగా ఆ ఆకులేం నములుతావు? ఈ మిరపకాయ బజ్జీ చూడు, కరకరలాడుతోంది!" అని పిలిచాడు.

చెంగన్న ఒకటి తిన్నాడు. అబ్బ, ఏం రుచి! మర్నాడు పూరీలు తిన్నాడు. ఆ మర్నాడు జిలేబీలు తిన్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఆకు ముఖం చూడటమే మానేశాడు. పొట్ట ముందుకొచ్చింది.

ఒకనాడు బండి దగ్గర్నుంచి వస్తుంటే పొదల్లో చుక్కల తోక కదిలింది. చిరుత! చెంగన్న చెట్టెక్కబోయాడు. సగంలోనే ఆయాసం ముంచుకొచ్చింది. అరుద్దామంటే గొంతులోంచి "ఖ్యా..." అని గాలి మాత్రమే వచ్చింది. చిరుత దూకింది! ఒక జింకపిల్ల వెంట్రుకవాసిలో తప్పించుకుంది. కానీ దాని తొడ మీద గోళ్లు గీరుకుపోయాయి.

తల్లి జింక తిట్టలేదు. "ఒంట్లో బాగాలేదా చెంగన్నా?" అని మాత్రం అడిగింది. ఆ మాటకు వాడికి ఏడుపొచ్చింది.

నేరుగా మునెమ్మ దగ్గరికి వెళ్లాడు. మునెమ్మ ముసలి ముంగిస. అడవికి ఆమే వైద్యురాలు. ఆమె చెలమలో ఉన్న జలగను పిలిచి, "కాస్త రుచి చూసి చెప్పమ్మా" అంది. జలగ చెంగన్న వేలికి అతుక్కుని ఒక్క చుక్క పీల్చింది. వెంటనే ఊడిపడింది.

"ఛీ! నెత్తురా ఇది? నెయ్యి గిన్నె నాకినట్టుంది!" అంది.

మునెమ్మ తలాడించింది. "నెత్తుట్లో కొవ్వు పెరిగింది నాయనా. ఇది నొప్పి పెట్టదు. దురద పెట్టదు. కాలువలో పూడిక చేరినట్టు, చప్పుడు లేకుండా రక్తం పారే దారుల్లో పేరుకుంటుంది."

"నాకు చావు తప్పదా అవ్వా?"

"ఇప్పుడే మేలుకుంటే ఎందుకు చస్తావు? వేయించినవీ తీపివీ పక్కన పెట్టు. మునగాకు తిను, ఉలవలు తిను, పండు తొక్కతో సహా తిను. రోజూ మూడు గుట్టలు తిరుగు. మూడు నెలల తర్వాత జలగ మళ్లీ చూస్తుంది."

చెంగన్నకు తొందరెక్కువ. 'అసలు తిండే మానేస్తే మూడు రోజుల్లో తగ్గిపోదూ!' అనుకున్నాడు. రెండో రోజుకే కళ్లు తిరిగి కొమ్మ మీంచి దబ్బున పడ్డాడు. మునెమ్మ పరుగున వచ్చింది.

"పస్తులుండమన్నానా నేను? కడుపు నిండా తినమన్నాను. ఏం తింటున్నావో చూసుకోమన్నాను, అంతే!" అని కసిరింది.

ఈసారి చెంగన్న మాట విన్నాడు. గంగులు మాత్రం వదిలితేనా! మొదటి వారం బజ్జీ తెచ్చాడు. చెంగన్న ముక్కు మూసుకున్నాడు. రెండో వారం బోండా తెచ్చాడు. చెంగన్న నేరేడు పళ్లు నోట్లో కుక్కుకుని "నోరు ఖాళీ లేదురా!" అన్నాడు. మూడో వారం వేడి వేడి జిలేబీ తెచ్చాడు. చెంగన్న చెయ్యి సాగింది. ఆగింది. జింకపిల్ల కుంటుతూ అటే వెళ్తోంది మరి! చెయ్యి వెనక్కి తీసుకుని మూడు గుట్టలూ తిరిగొచ్చాడు.

మూడు నెలలయ్యాయి. జలగ రుచి చూసి, "ఆహా! ఇదీ నెత్తురంటే!" అని ఇంకో చుక్క కూడా తాగేసింది. చెంగన్న ఎగిరి గంతేశాడు!

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం చెంగన్న ముక్కుకు పొగ వాసన తగిలింది. కార్చిచ్చు! ఎండిన బోదగడ్డి భగ్గుమంటోంది. గాలి ఇటే వీస్తోంది. చెంగన్న చెట్టు మీంచి చెట్టుకు దూకాడు. "ఖ్యాక్! వాగులోకి! అందరూ వాగులోకి!" గుట్టలన్నీ మారుమోగాయి. జింకలు పరుగెత్తాయి. కుందేళ్లు పరుగెత్తాయి. ఏదుపందులు ముళ్లు టపటపలాడించుకుంటూ పరుగెత్తాయి!

గంగులు ఎక్కడ? రోడ్డు పక్క చింతచెట్టు కింద రొప్పుతూ కూలబడ్డాడు.

"నా వల్ల కాదురా. గుండె దడదడలాడుతోంది. నువ్వు పో!"

"నోరు మూసుకుని నా మెడ పట్టుకో!"

చెంగన్న వాణ్ని వీపున వేసుకున్నాడు. వెనక మంట చిటపటమంటోంది. నిప్పురవ్వలు తోకకు తగిలాయి. ఒక దూకు... రెండు... మూడు! ఇద్దరూ వాగులో ధబేల్మని పడ్డారు. మంట గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. అడవిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు!

గంగులు నీళ్లు ఉమ్ముతూ నేస్తం వైపు చూశాడు. "ఇంత బలం నీకెక్కడిదిరా?" అన్నాడు.

చెంగన్న నవ్వి, అవతలి గట్టు మీది పచ్చని పొన్నగంటి కూర పిడికెడు తుంచి వాడి చేతిలో పెట్టాడు. గంగులు నమిలి ముఖం చిట్లించాడు. "చప్పగా ఉందిరా!"

"ఉంటుంది. నమలరా!"

గంగులు నమిలాడు. కాసేపాగి, తనే ఇంకో పిడికెడు తుంచుకున్నాడు.

నీతి: నాలుక అడిగిందల్లా రోజూ పెడితే ఒళ్లు చెడుతుంది. ఒంటికి మేలు చేసేది రోజూ తింటే ప్రాణం నిలుస్తుంది.