భోషాణంలో పొత్తిళ్ళు

కాళ్ళు కడుక్కున్నావా? అయితే దుప్పటి కప్పుకో, ఇటు తిరుగు. ఊఁ కొట్టడం మానేశావంటే కథ అక్కడే ఆపేస్తాను, ముందే చెబుతున్నాను.

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో మనుషులు ఇద్దరు, మూతలు నలభై. గిన్నెలు మాత్రం తొమ్మిదే. మిగతా మూతలెందుకంటే, ఎప్పటికైనా పనికొస్తాయని.

ఆ ఇల్లాలి పేరు మాణిక్యం. ఆమె మొగుడు వీర్రాజు. మాణిక్యం అన్నం పెట్టడంలో చెయ్యి ధారాళం, వస్తువు వదలడంలో మాత్రం పిడికిలి. చెవి విరిగిన జాడీ ఉంది, అడుగు ఊడిన జల్లెడ ఉంది, ఏ తాళానికీ పట్టని తాళంచెవుల గుత్తి ఉంది. ఇదెందుకమ్మా అని ఎవరైనా అడిగితే, పారేసిన మర్నాడే దాంతో పనిపడుతుంది అనేది. వీర్రాజు పెళ్ళాన్ని చూసి నవ్వేవాడు. ఆయన మంచం కింద బట్ట ఊడిన గొడుగులు ఏడున్నాయి, వాటి మాట ఎత్తేవాడు కాదు.

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు రాజ్యం. పెళ్ళయి అత్తారింట్లో ఉంది. ఆ పిల్లకి ఏడో నెల వచ్చింది. తొలిచూలు పురుడు పుట్టింట్లో పోయాలి కదా. మాణిక్యం ఆ రోజు కోసం రాజ్యం పుట్టినప్పటి నుంచీ కాచుక్కూర్చుంది. తను కట్టి కట్టి మెత్తబడ్డ చీరలన్నీ ఉతికి, మడతపెట్టి, పెద్ద కర్రపెట్టె, అదే భోషాణం, అందులో దాచింది. పసిగుడ్డుకి కొత్తబట్ట పనికిరాదు, గరుగ్గా గుచ్చుకుంటుంది. పాత చీర చింపి చుడతారు చూడు, వాటినే పొత్తిళ్ళంటారు. నిన్నూ అలాగే చుట్టారులే.

అప్పుడు రాజ్యం అత్తగారు, కోడల్ని పంపేముందు చోటు చూసుకుందామని వచ్చింది. ఆవిడ గడపలో నిలబడింది. కూర్చోమని మాణిక్యం పీట వెయ్యబోతే, వేసే చోటు లేదు. పురిటిగది చూపించమంటే, తలుపు సగమే తెరుచుకుంది. లోపల తలుపు వెనక తిరగలి, తిరగలి మీద తట్టలు, తట్టల మీద పాత పరుపు.

ఆవిడ కోపిష్టి మనిషి కాదు. నెమ్మదిగానే చెప్పింది.

"వదినగారూ, పున్నమికి మళ్ళీ వస్తాను. ఈ గదిలో మంచం పట్టేంత నేల కనిపిస్తే పిల్లని పంపిస్తాను. లేకపోతే పురుడు మా ఇంట్లోనే."

ఆవిడ వెళ్ళగానే మాణిక్యం ఇల్లంతా ఒకసారి కలయజూసింది. కూతురు పుట్టింటికి రాకుండా బిడ్డని కంటే, ఇన్నేళ్ళూ తను ఎవరి కోసం కాచుకుంది? ఇంకా పద్దెనిమిది రోజులుంది. కొంగు బిగించింది.

మొదటిసారి ఏం చేసిందంటే, పురిటిగదిలో ముందువైపు సామానంతా మోసుకెళ్ళి నడవలో పెట్టింది. అప్పుడు నడవలో నడవడానికి లేదు. నడవలోవి తీసి వంటింట్లో పెట్టింది. అప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళడానికి లేదు. వంటింట్లోవి మోసుకొచ్చి మళ్ళీ పురిటిగదిలోనే పెట్టింది. మూడు రోజులు సామాను ఇల్లంతా ఊరేగింది గానీ ఒక్క పుల్ల తగ్గలేదు. చీకట్లో తిరగలి తగిలి వీర్రాజు కాలి బొటనవేలు మాత్రం వాచింది.

ఆ తర్వాత రెండోసారి, మురికి వదిలితే చోటు అదే వస్తుందనుకుంది. పేడనీళ్ళు కలిపి, సందు దొరికినచోటల్లా నేల అలికింది. ముగ్గు కూడా పెట్టింది. అలికాక తలెత్తి చూస్తే, దూలాల నిండా బూజు. బూజుకర్ర తీసుకుని దులిపింది. ఆ మసీ ఆ బూజూ తడి నేలమీద పడి అంటుకుపోయాయి. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా? అలికిందంతా గీకి మళ్ళీ అలుక్కుంది. మరో నాలుగు రోజులు గడిచిపోయాయి, మాణిక్యానికి నడుము పట్టేసింది.

నడుముకి నూనె రాయడానికి నూకాలమ్మ వచ్చింది. నూకాలమ్మ ఆ ఊరి మంత్రసాని. రాజ్యాన్ని భూమ్మీదికి తెచ్చింది ఆ చేతులే. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ గది ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసినట్టు ఆ ఇంటివాళ్ళకి కూడా తెలియదు. మాణిక్యం నూనె రాయించుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుని జరిగిందంతా చెప్పింది.

నూకాలమ్మ ఓదార్చలేదు. చేతులు తుడుచుకుంటూ, రేపు ఎండ పొడవగానే వస్తానంది. వీర్రాజుని బండి కట్టి ఉంచమంది.

మర్నాడు ఆవిడ చెప్పిన మొదటి మాట, గదిలో సర్దొద్దు, గది ఖాళీ చెయ్యి అని. ఒక గది పట్టుకుంటే అది తేలేదాకా రెండో గది జోలికి పోకూడదు. పురిటిగదిలో ఉన్నదంతా పెరట్లోకి మోశారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ముందు దూలాలు దులిపారు, తర్వాత గోడలు, ఆఖరికి నేల. మురికి పైనుంచి కిందికి దిగుతుంది, మనం కిందనుంచి పైకి పోతే అది మనల్ని చూసి నవ్వుతుంది అంది నూకాలమ్మ. లోపలి మూల నుంచి గడప దాకా ఊడ్చుకుంటూ వచ్చారు. కిటికీలు బార్లా తీసి, గోడలకి సున్నం కొట్టడానికి సిద్ధం చేశారు.

అప్పుడు మాణిక్యం గోడ చూసింది. తట్టల వెనక ఇన్నాళ్ళూ కనపడని గోడ. దానిమీద బొగ్గుతో మూడు గీతలున్నాయి. రాజ్యం మూడేళ్ళప్పుడు ఒకటి, అయిదేళ్ళప్పుడు ఒకటి, ఎనిమిదేళ్ళప్పుడు ఒకటి. ఎంత ఎత్తు ఎదిగానో గియ్యమ్మా అని పిల్ల గోడకి వీపు ఆనించి నిలబడేది. ఆ తర్వాత గోడకి అడ్డంగా సామాను వచ్చింది, గీతలు ఆగిపోయాయి. ఆ మూడు గీతలూ వదిలేసి మిగతా గోడకి సున్నం కొట్టారు.

ఆ తర్వాత పెరట్లో మూడు కుప్పలు పెట్టారు. ఇంట్లోకి వెళ్ళేవి ఒకటి, పొయ్యిలోకో గోతిలోకో వెళ్ళేవి ఒకటి, ఇంకొకరింటికి వెళ్ళేవి ఒకటి. ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని నూకాలమ్మ మూడు ప్రశ్నలు అడిగేది. చివరిసారి దీన్ని ఎప్పుడు ముట్టుకున్నావు? విరిగినదైతే, ఈ పున్నమిలోగా బాగుచేయిస్తావా? ఇది లేక ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఊళ్ళో ఎవరన్నా ఉన్నారా?

మొదటి రెంటికీ మాణిక్యం ఏదో ఒకటి సర్దిచెప్పేది. మూడోదానికి మాత్రం సర్దిచెప్పడం కుదిరేది కాదు. ఎందుకంటే ఉన్నారు. మూతలు లేని గిన్నెలు నాలుగిళ్ళలో ఉన్నాయి. తిరగలి లేక ఆ చివరింటి కోడలు పిండి కోసం వీధంతా తిరుగుతోంది. వీర్రాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, గొడుగుల వంతు వచ్చేదాకా. ఏడు గొడుగుల్లో ఒకటి మిగిలింది, ఊచలు రెండు వంకాయ మొక్కలకి ఊతమయ్యాయి, తక్కినవి గోతిలోకి పోయాయి.

మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచినప్పుడు మాణిక్యం మెల్లగా వెళ్ళి, ఇచ్చేసే కుప్పలోంచి చెవి విరిగిన జాడీ కొంగుచాటున తెచ్చుకుంది. నూకాలమ్మ అది చూసింది. అన్నం తిని లేచి, కుప్ప మొత్తం బండిమీదికి ఎత్తించేసింది. ఇచ్చేది పొద్దుగూకక ముందే గడప దాటాలి, ఒక రాత్రి ఇంట్లో నిద్ర చేసిందంటే మళ్ళీ మనదైపోతుంది అంది.

పోనీ ఆ జాడీ ఏమైందంటావా? దాన్లో గరిటెలు నిలబెట్టారు. దానికీ ఒక చోటు దొరికింది.

నూకాలమ్మ వెళ్తూ వెళ్తూ దండెం మీద ఉన్న చీరలు చూసింది. మూడు పాత చీరలు, ఇంట్లో కట్టుకునేవి. వాటిలో ఒకటి ఆకుపచ్చది, మామిడిపిందెల అంచుది. పొత్తిళ్ళకి గతిలేని బాలింతలు చాలామంది, ఇవి ఇస్తావా అని అడిగింది. మాణిక్యానికి ఆ పచ్చచీరంటే ప్రాణం. కానీ పొద్దుటినుంచి అంత చాకిరీ చేసిన మనిషి అడిగింది. గొణుక్కుంటూనే ఇచ్చింది.

చీరలు చంకన పెట్టుకుని నూకాలమ్మ భోషాణం వైపు చూసింది. దాంట్లో ఏమున్నాయి, ఎండకి వేసి ఎన్నాళ్ళయింది అంది.

"అవి నా కూతురి పురిటికి. వాటిని ముట్టుకోకు, నూకాలత్తా. పోయినేడే ఎండపెట్టాను."

అది అబద్ధం. ఎండపెట్టడానికి ఎప్పుడు మూత తీసిందో మాణిక్యానికే గుర్తులేదు. కొత్తగా ఏ చీర వేసినా మూత ఓరగా ఎత్తి పైన పడేసేది, అంతే. తీసి చూస్తే అరిగిపోతాయన్నట్టు ఉండేది ఆవిడ ధోరణి. ఎప్పుడన్నా లోపలినుంచి కరకరమని చప్పుడు వస్తే, పాత కర్ర కదా, ఎండకి చిటపటలాడుతోంది అనుకునేది. నూకాలమ్మ నీ ఇష్టం అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పది రోజుల్లో మాణిక్యం భోషాణం జోలికి మాత్రం పోకుండా తక్కిన గదులూ అలాగే తేల్చింది. రోజూ వాడేది చేతికందే చోట పెట్టింది. నెలకోసారి వాడేది పై అరలో పెట్టింది. ఏడాదికోసారి వాడేది అటకెక్కించింది. పప్పుల డబ్బాల్లో వేపాకు వేసింది. ఇత్తడి బిందెలు చింతపండు పిప్పితో తోమింది. తీసినచోటే పెట్టండి అని మొగుడికి రోజుకి ముప్పైసార్లు చెప్పింది, ఆయన ముప్పైఒకటోసారికి విన్నాడు.

మరి పారేసిన మర్నాడు దేంతోనన్నా పనిపడిందా అంటావా? పడింది. అట్లు పోసే మూకుడుకి మూత కావలసొచ్చింది. పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకుంది. ఆ మూత ఒకప్పుడు ఆవిడదే.

పున్నమికి రాజ్యం అత్తగారు వచ్చింది. పీట వేశారు, కూర్చుంది. పురిటిగది తలుపు గోడకి తగిలేదాకా తెరుచుకుంది. లోపల నులక మంచం, దీపం, నీళ్ళబిందె, ఇంకేం లేవు. ఆవిడ చుట్టూ చూసి, మజ్జిగ తాగి, కోడల్ని బుధవారం పంపిస్తానంది.

రాజ్యం వచ్చింది. వచ్చీరాగానే ఆ గోడ దగ్గరికెళ్ళి మూడు గీతల మీద వేలు పెట్టి చూసుకుంది. ఎనిమిదేళ్ళ గీత ఇప్పుడు ఆ పిల్ల భుజం దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడికి పోయాయమ్మా అంది.

నెలలు నిండాయి. ఒకరోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. నూకాలమ్మ వచ్చింది. గదిలో మసలడానికి చోటుంది, గాలి ఉంది, వెలుతురుంది. సరిగ్గా మధ్యాహ్నం ఎండవేళ ఆడపిల్ల పుట్టి, కేర్‌మంది.

పొత్తిళ్ళు తెమ్మంది నూకాలమ్మ.

మాణిక్యం ఒక్క పరుగున వెళ్ళి భోషాణం మూత తీసింది. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన ఘడియ అది. పై చీర పట్టుకుని లాగింది. చేతిలోకి పొట్టు వచ్చింది. రెండోది లాగింది, పీలికలు వచ్చాయి. మూడోదాని కింద మెత్తటి గుంట ఉంది, ఆ గుంటలో ఎర్రగా, కళ్ళు తెరవని ఎలుకపిల్లలు ఆరున్నాయి. గోడవైపు మూలన బొటనవేలంత కన్నం. మాణిక్యం దాచిన పొత్తిళ్ళలో ఎలుక తన పురుడు పోసుకుంది.

పురిటిగదిలో పసిది ఏడుస్తోంది. కూతురి కోసం ఇన్నేళ్ళూ దాచిన తల్లి ఉత్త చేతులతో గదిలోకి వెళ్ళింది. నూకాలమ్మ ఆ చేతులు చూసింది. తన సంచి విప్పి ఒక మడత తీసింది. కుంకుడుకాయతో ఉతికి, ఎండలో ఆరేసి, చదరాలుగా చింపిన మెత్తటి బట్ట. ఆకుపచ్చది, మామిడిపిందెల అంచుది. దాన్ని పసిదానికి చుట్టి, మాణిక్యం చేతుల్లో పెట్టింది.

మాణిక్యం ఆ అంచుని వేలితో తడిమింది. "ఇది నా చీరే కదా, అత్తా."

"ఇచ్చావు కదా," అంది నూకాలమ్మ. "అందుకే మిగిలింది."

మాణిక్యం ఆ మూటని గుండెకి హత్తుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. మూడు గీతలకీ కింద, బాగా కింద, బొగ్గుతో ఒక చిన్న గీత గీసింది. భోషాణాన్ని మర్నాడు పెరట్లో ఎండకి పెట్టారు. ఆ ఇంట్లో దానికి మళ్ళీ మూత వెయ్యలేదు.

దాచుకున్న చీర ఎలుక్కి,
ఇచ్చుకున్న చీర చంటిదానికి,
చీపురేమో మూలకి, చెత్తేమో గోతికి,
కథేమో కంచికి, నువ్వేమో కునుక్కి.