రాజుగారి బరువంత దానం

అనగనగా పిల్లలూ, మీ తాతల తాతలకు ఇంకా పేరైనా పెట్టని కాలంలో, వెన్నెలవీడు అనే రాజ్యాన్ని భూరివర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. కథ సాగేకొద్దీ మీకు ఆయన మీద కోపం రావచ్చు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఏటా రాజుగారి పుట్టినరోజున పెద్ద తక్కెడ వేలాడదీసేవారు. ఒక పళ్లెంలో రాజు కూర్చునేవాడు. రెండో పళ్లెంలో ఆయన బరువుకు సరితూగేదాకా ఏదో ఒక వస్తువు పేర్చేవారు. ఆ వస్తువంతా దానమన్నమాట. దీన్ని తులాభారం అంటారు.

దానం ఘనంగా ఉండాలని భూరివర్మ నెల ముందు నుంచే నేతి బూరెలు రెట్టింపు చేసేవాడు.

"నాకోసమా తింటున్నాను? నా ప్రజల కోసం తింటున్నాను" అంటూ మూతి తుడుచుకునేవాడు.

ఒక ఏడాది మంత్రి సుబంధుడు ఆయన చెవిలో ఊదాడు. "ప్రభూ, పిల్లల చదువుకు దానం చేసినవారి కీర్తి చెక్కుచెదరదు."

"అలాగా! మన రాజ్యంలో అన్నిటికన్నా పేద బడి ఎక్కడుంది?"

"సముద్రపు ఒడ్డున, ఉప్పుపాలెంలో."

"అయితే ఇకనుంచి నా తులాభారం ఆ బడికే" అన్నాడు రాజు.

సభ అంతా జేజేలు పలికింది. ఆ బడికి ఏం కావాలని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచను కూడా లేదు.

ఇక ఉప్పుపాలెం సంగతి చెబుతాను. ఆ ఊరివాళ్లు సముద్రపు నీటిని మడుల్లోకి మళ్లించి, ఎండబెట్టి, ఉప్పు పండించేవారు. ఆ నీళ్లలో నిలబడి నిలబడి వాళ్ల పాదాలు బీటలు వారేవి. బీటల్లోకి ఉప్పు దిగేది. అది ఎంత మండుతుందో రాజుగారి పాదాలకు తెలియదు.

ఆ ఊళ్లో నూకాలు అనే పిల్ల ఉండేది. వాళ్ల నాన్న కథలు చెప్పడంలో దిట్ట. ఒక తుఫానులో ఆయన పోయాడు. ఆయన చెప్పినవాటిలో మూడు కథలే నూకాలుకు మొదలు నుంచి చివరిదాకా గుర్తుండిపోయాయి. ఒకటి ఉప్పు తిన్న చందమామ కథ. ఇంకొకటి నత్త పెళ్లి కథ. మూడోది ఇల్లు మోసుకు తిరిగే ఎండ్రకాయ కథ. అవి కూడా ఎక్కడ మరిచిపోతానోనని ఆ పిల్లకు దిగులు.

"అమ్మా, నేను సదువుకుంటాను. నాన్న కథలు రాసి దాచుకుంటాను" అంది ఒకరోజు.

తల్లి పోలమ్మ తన పాదాల వంక చూసుకుంటూ అంది. "సరే తల్లీ. ముమ్మారు ఉప్పు పండేదాకా బడికెళ్లు. అప్పటికి నీ కథ నువ్వు రాసుకోగలిగితే సదువుకో. లేదంటే నాతో మడిలోకి దిగాల. నా కాళ్లు ఇంక ఆగేటట్టు లేవు."

బడి అంటే ఒక తాటాకు పందిరి. కింద మెత్తని ఇసుక. కామేశం అయ్యవారు పిల్లల వేలు పట్టుకుని ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. ఆయనకు జీతం లేదు. ఊరివాళ్లు పెట్టిన గింజలే ఆయన బతుకు. అయినా చక్కగా చెప్పేవాడు. నూకాలు 'అ' నేర్చిన రోజున పరుగున వెళ్లి, మడిగట్టు మీద కూడా దిద్ది, తల్లికి చూపించింది.

అంతలో మొదటి దానం వచ్చింది. రాజుగారి బరువంత కంచుగంట!

తాటాకు పందిరి గంటను మోయగలదా? రాతి మండపం కట్టాలన్నారు రాజభటులు. కట్టడానికి ఊళ్లో ఖాళీగా ఎవరున్నారు? పెద్దలు మడుల్లో ఉన్నారు. ఇక మిగిలింది పిల్లలే. ఆ ఏడాదంతా వాళ్లు రాళ్లు మోశారు. మండపం లేచింది, గంట ఖంగున మోగింది, ఉప్పు ఒకసారి పండిపోయింది. నూకాలు 'అ' దగ్గరే ఆగిపోయింది. వానలు మొదలయ్యేసరికి ఉప్పు తిన్న చందమామకు చివర ఏమైందో ఆ పిల్లకు ఎంతకీ గుర్తు రాలేదు.

రెండో ఏడు రెండో దానం వచ్చింది. రాజుగారి బరువంత పట్టుబట్టలు!

"ఇవి తొడుక్కునే బడికి రావాలి. రాజుగారి పట్టు ఇసుకలో పొర్లితే ఊరుకునేది లేదు" అన్నారు భటులు.

ఇసుకలో కూర్చోకపోతే అక్షరాలు దిద్దేదెలా? ఆ ఏడాదంతా పిల్లలు పట్టుబట్టల్లో, పందిరి గుంజకు చేరగిలబడకుండా, నిలబడ్డారు. మధ్యాహ్నానికి ఆకలితో కళ్లు తిరిగి కొందరు కూలబడేవారు. అప్పుడూ భటులు ముందు బట్టలే దులిపేవారు. రెండోసారి ఉప్పు పండింది. నత్త పెళ్లికి ఎవరెవరు వచ్చారో నూకాలు మరిచిపోయింది.

మూడో ఏడు మూడో దానం వచ్చింది. రాజుగారి బరువంత తాళపత్ర గ్రంథాలు! కోట భాండాగారంలో తలుపు దగ్గర ఏవి చేతికందితే అవి తెచ్చి తక్కెడలో పేర్చారు. ఏం పుస్తకాలో చూసిన పాపాన పోలేదు.

సముద్రపు గాలికి తాటాకులు చెమ్మగిల్లుతాయి. అందుకని పిల్లలు రోజంతా వాటిని తుడిచి, ఎండలో పరిచి, విసనకర్రలతో విసిరారు. దానికి తోడు, ఈసారి పుట్టినరోజుకు రాజుగారే స్వయంగా వస్తారని కబురు వచ్చింది. ఆయన్ను పొగడుతూ ఒక పద్యం నేర్పమని అయ్యవారికి ఆజ్ఞ. పాపం, అయ్యవారు భయస్థుడు. 'నన్ను వెళ్లగొడితే ఈ పిల్లలకు ఎవరూ ఉండరు' అని తనకు తానే సర్దిచెప్పుకుని, పద్యం ఒక్కటే వల్లె వేయించాడు.

మూడోసారి ఉప్పు పండింది. పోలమ్మ కూతురి కోసం మడిలో ఉప్పు గోకే చిన్న పలుగొకటి చేయించి గుమ్మం పక్కన పెట్టింది. ఆ పలుగు కంటపడినప్పుడల్లా నూకాలు ముఖం తిప్పుకునేది.

పుట్టినరోజు రానే వచ్చింది. సముద్రపు ఒడ్డున తక్కెడ వేలాడదీశారు. భూరివర్మ పల్లకీ దిగాడు. గంట మోగింది. పట్టుబట్టల పిల్లలు వరుసగా నిలబడి పద్యం పాడారు. రాజుగారి కళ్లు చెమర్చాయి.

"చూశావా సుబంధా, నా చదువు!" అన్నాడు. "ఏదీ, ఎవరైనా ఒకరు నా పుస్తకం చదివి వినిపించండి."

అయ్యవారు, గొంతు బాగుంటుందని నూకాలును ముందుకు తోశాడు. ఆ పిల్ల గ్రంథం విప్పి, తాటాకు మీద చూపు నిలిపి, ఎంతో శ్రావ్యంగా రాజుగారి పద్యాన్నే మళ్లీ పాడింది.

రాజు మురిసిపోతూ ఆ పిల్ల భుజం మీదుగా తాటాకులోకి తొంగి చూశాడు. అందులో, ఏనుగు కాలికి పుండు పడితే ఏ ఆకు పసరు పిండాలో రాసి ఉంది.

"అమ్మాయీ, నువ్వు చదివినది ఇందులో లేదే!"

మంత్రి గబుక్కున అందుకున్నాడు. "ఎండ ప్రభూ. ఎండ కంట్లో పడి తాటాకు తారుమారైంది."

అయ్యవారు గొణిగాడు. "భక్తి మహారాజా. తమరిని చూస్తే పిల్లలకు వేరే మాట రాదు."

ఊరి పెద్ద చేతులు జోడించాడు. "ఆడపిల్ల కదండీ బాబూ, బెదిరిపోనాది."

నూకాలు ముగ్గురి వంకా చూసింది. గుమ్మం పక్కనున్న పలుగు గుర్తొచ్చింది. ఇక దాచి ఏం లాభం అనుకుంది.

"మారాజా, నాకు సదవడం రాదు. ఇక్కడ ఎవులకీ రాదు" అంది.

రాజు ముఖం ఎర్రబడింది.

"నేను గంట ఇచ్చాను కదా?"

"దానికి మండపం కట్టడానికి రాళ్లు మోసినాం మారాజా."

"పట్టుబట్టలు ఇచ్చాను!"

"అవి మాస్తాయని ఇసకలో కూకోనివ్వలేదు. ఇసకలోనే మాకు అచ్చరాలు."

"పుస్తకాలు..." అన్నాడు రాజు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు.

"విసిరినాం మారాజా. శానా విసిరినాం" అంది నూకాలు.

ఆ పిల్ల మాటలో కోపం లేదు. ఉంటే రాజుకు కాస్త తేలికగా ఉండేది. భూరివర్మ తల దించుకున్నాడు. దించిన తలకు ముందుగా తన పొట్టే కనబడింది. ప్రజల కోసం తిన్న బూరెలన్నీ గుర్తుకొచ్చాయి. ఎదురుగా పిల్లలు పట్టుబట్టల్లో పుల్లల్లా నిలబడి ఉన్నారు. ఆయనకు సిగ్గు వేసింది. జన్మలో అంత సిగ్గు ఎరగడు. మెడలోని పూలదండ తీసేసి, ఇసుకలో చతికిలబడ్డాడు.

"నీకేం కావాలమ్మా?" అని అడిగాడు.

మూడేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

నూకాలు తడుముకోలేదు. "మమ్మల్ని మళ్లీ ఇసకలో కూకోనివ్వండి."

రాజు ఆ పిల్ల వెనక నిలబడ్డ పోలమ్మ వైపు తిరిగాడు. "నీకేం కావాలి తల్లీ?"

"పిల్లని మడిలోకి దింపాలని నాకు మాత్రం సరదానా బాబూ? మజ్జానం బడిలో ఓ ముద్ద పెట్టించండి. కడుపు నిండితే నా పిల్ల సదువుకుంటాది. మడి సంగతి నేనే సూసుకుంటాను."

అయ్యవారు తనను అడగకముందే వంగి రాజు పాదాలు పట్టుకున్నాడు. "గింజల కోసం నేను ఊరూరా తిరగకుండా చూడండి మహారాజా. ఇంకెప్పుడూ నాచేత ఆ పద్యం చెప్పించకండి. మూడేళ్లుగా ఒక్క అక్షరం చెప్పలేక, ఈ పిల్లల మొహం చూడలేక చస్తున్నాను."

ఆ ఏడు తులాభారం జరగలేదు. కంచుగంటను కరిగించి వంటపాత్రలు పోయించారు. మధ్యాహ్నం అన్నం వాటిలోనే ఉడికింది. పట్టుబట్టలన్నీ ఇచ్చి ధాన్యం తెచ్చారు. అయ్యవారికి ఏటేటా జీతం ఏర్పడింది. ఏనుగుల వైద్యం చెప్పే ఆ పుస్తకాలు ఏనుగుల శాలకు వెళ్లిపోయాయి. కాలి పుండుతో ఎంతోకాలంగా కుంటుతున్న పట్టపుటేనుగు నెల తిరగకుండా లేచి నడిచింది.

వెళ్లే ముందు రాజు నూకాలును అడిగాడు. "అసలు నువ్వు చదువెందుకు మొదలుపెట్టావు?"

"మా నాన్న కథలు రాసుకోవాలని. మూడు ఉండేవి మారాజా. నేర్చుకునేలోగా రెండు పోనాయి."

"గుర్తు తెచ్చుకో తల్లీ. నువ్వు చెబితే నేనే రాస్తాను."

నూకాలు కళ్లు మూసుకుంది. ఎంతసేపు తలచుకున్నా చందమామ ఉప్పు తిన్న దగ్గరే ఆగిపోయాడు. నత్త పెళ్లిపందిట్లో ఒక్క చుట్టం ముఖం కూడా ఆనలేదు. ఆ పిల్ల ఏడ్చింది. రాజు దగ్గర ధనం ఉంది, సైన్యం ఉంది, పొగిడే నోళ్లున్నాయి. ఆ రెండు కథలు తెచ్చిపెట్టే ఉపాయం మాత్రం లేదు. పల్లకీ ఎక్కడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. ఊరి పొలిమేర దాకా నడిచే వెళ్లాడు.

ఏడాది గడిచింది. పుట్టినరోజున ఉప్పుపాలెం నుంచి కోటకు ఒక తాటాకు వచ్చింది. దాని మీద వంకరటింకర అక్షరాలతో, ఇల్లు మోసుకు తిరిగే ఎండ్రకాయ కథ ఉంది. నూకాలు తన చేత్తో రాసింది. పోలమ్మ గుమ్మం పక్కనున్న చిన్న పలుగు తుప్పు పట్టిపోయిందని ఆ తాటాకు తెచ్చినవాడు చెప్పాడు.

భూరివర్మ కథ మొత్తం సభలో చదివి వినిపించాడు. తర్వాత తక్కెడ తెప్పించి, ఒక పళ్లెంలో ఆ తాటాకు పెట్టాడు. పళ్లెం ఇసుమంతైనా కదలలేదు.

"ప్రభూ, ఇవాళ తమరు కూర్చోరా?" అని మంత్రి అడిగాడు.

"కూర్చోను సుబంధా. నా బరువు ఎంతో మూడేళ్లు తూచుకున్నాను. ఆ గొడవలో ఒక బిడ్డ నాన్న కథలు రెండు పోగొట్టాను. వాటి బరువు తూచే తక్కెడ నా దగ్గర లేదు" అన్నాడు రాజు. అని తల వంచుకుని సభలోంచి వెళ్లిపోయాడు.

అందుకే పిల్లలూ, చదువుకు సాయం చేసేవాడు తన గొప్ప ఎంతో చూసుకుని ఇవ్వకూడదు, చదువుకునే బిడ్డకు ఏం కావాలో ముందు అడిగి ఇవ్వాలి.