నీళ్లు పోసిన అక్క: పోర్తో సెరాలో కొండమీది అక్కమ్మ ధార

మధ్యధరా సముద్రపు ఒడ్డున, ఇటలీ దేశంలో, పోర్తో సెరాలో అనే విలాసపట్టణం ఉన్నది. రేవు నిండా తెల్లని షికారు ఓడలు, తీరం పొడవునా చారల గొడుగులు, వాటి కింద నల్ల కళ్లద్దాలవారు. అక్కడ నిలబడితే ఎవరూ ఏమీ అనరు గాని, కుర్చీలో కూర్చుంటే మాత్రం కాఫీ వచ్చి తీరుతుంది. రేవు వెనుక మెట్లదారిన ముప్పావుగంట ఎక్కితే ఆ సందడి అణగి, ఆలివు తోటలు, రాతిగోడలు, మేకల మెడగంటల చప్పుడు మిగులుతాయి. ఈ పుస్తకం కూర్చినవాడు నాలుగుచోట్ల కూలబడి రెండు గంటలకు చేరాడు. యాత్రికులు ఆ పద్ధతి పాటించనక్కరలేదు. పైన ఒక రాతిగూటిలో పసుపు పూసిన మట్టికూజా, పక్కనే సన్నని ఊట కనిపిస్తాయి. ఓడలలో పనిచేసే మన తెలుగువారు కొలిచే అక్కమ్మ ధార అదే.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, గూడూ లేదు. భీమిలి ప్రాంతపు జాలరి సూరాడ కొర్లయ్య ఒక ధనవంతుని షికారు ఓడలో వంటవాడై ఈ రేవుకు వచ్చాడు. ఓడ సాయంత్రం అయిదింటికి బయలుదేరుతుంది. అందాకా అతనికి సెలవు. కాగితాలన్నీ కెప్టెన్ పెట్టెలో ఉన్నాయి. ఓడ తప్పితే, దేశం కాని దేశంలో తన పేరైనా రుజువు చేసుకోలేని మనిషైపోతాడు.

తోటి వంటవాడు గనగళ్ల ఎల్లాజీ ముందే హెచ్చరించాడు. "దారి తప్పిపోతావురా, రేవు దాటి ఎల్లకు."

"సముద్రమ్మీద తప్పనోణ్ని, నేలమీద తప్పుతానేటి?" అన్నాడు కొర్లయ్య.

నేలమీద తప్పడానికి అతనికి గంట పట్టింది. అరువు బూట్లు కరిస్తే చంకన పెట్టుకుని, అద్దాల దుకాణాలన్నీ చూసి, ప్రతి అద్దంలోనూ తన మొహమే కనబడి విసుగెత్తి, చల్లగాలికని కొండ ఎక్కాడు. ఆలివు చెట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. దారి పోయింది, తోటల చాటున సముద్రమూ పోయింది. ఎండకు నాలుక పిడచగట్టి, ఒక గోడ పక్కన చతికిలబడ్డాడు.

గోడ అవతలినుండి నల్లబట్టల ముసలమ్మ ఒకతె చంకన కూజాతో వచ్చింది. అతన్ని ఎగాదిగా చూసి, "ఆక్వా? ఆక్వా?" అన్నది.

కొర్లయ్య చెవికది "అక్క" అని వినబడింది. ముందుగా వరస చెప్పుకున్న మర్యాదకు మురిసిపోయి, "అక్కా!" అని చేతులు జోడించాడు. ఆమె అతని దోసిట నీళ్లు పోసింది. ప్రాణం లేచివచ్చింది.

"అక్కా, రేవుకు దారెటు?"

ఆమె మళ్లీ పోసింది.

"సాలక్కా, కడుపు నిండిపోనాది!"

మూడోసారి పోసింది.

"దణ్ణం పెడతానక్కా, ఓడ ఎల్లిపోతాదక్కా!"

ఇన్నిసార్లు అడిగేవాడి దాహం ఎంతటిదోనని జాలిపడి, ఆమె కూజా మొత్తం కుమ్మరించింది. దోసిలి పొంగి నీరు నేలపై పడి, రాళ్ల సందులలో దారి చేసుకుంటూ దిగువకు పాకింది. నీరు చివరికి ఎక్కడికి పోతుందో జాలరికి ఒకరు చెప్పాలా? కొర్లయ్య దాని వెంట పరుగెత్తాడు. ఒక్క కూజా నీరు అంతదూరం ఎలా పారిందని అడగరాదు, పారినది. రేవులో ఓడ ఎక్కే పలకను పైకి లాగుతుండగా అతను లోపలికి దూకాడు.

సంగతి విని ఎల్లాజీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే, ఆక్వా అంటే ఈళ్ల బాసలో నీళ్లురా! ఆవిడ నీకు అక్కేటి?"

"ఎండకి పడిపోయినోడికి అడక్కుండా నీళ్లోసింది. అక్క కాపోతే మరెవరేటి?"



ఆ ప్రయాణంలోనే ఆమె కొర్లయ్య కలలో కనబడి, శుద్ధమైన భీమిలి యాసలో, "తమ్ముడా, కూజా అంతా వొంపించీసినావు. తిరిగి నింపవేటి?" అని అడిగింది. మరుసటి ఏడు వెతుక్కుంటూ వస్తే ముసలమ్మ లేదు, ఎరిగినవారూ లేరు. గోడమీద ఖాళీ కూజా, నీరొలికిన చోట ఊట ఉన్నాయి. కొర్లయ్య కూజా నింపి, పసుపు పూసి, గూటిలో నిలిపాడు.

నేటికీ వచ్చినవారు ముందు కూజా నింపి, తరువాతనే దోసిలి పడతారు. దిగేటప్పుడు ఎవరినీ దారి అడగక, ఊటనుండి పారే కాలువ వెంటే నడుస్తారు. మనవారి పిలుపు విని, చుట్టుపక్కల తోటల ఆడవారు "సాంతా అక్కా" అనే పుణ్యాత్మురాలెవరో ఉన్నదనుకొని కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. వారి పొరపాటును మనవారు దిద్దలేదు, మన పొరపాటును వారూ దిద్దలేదు.

ఈ నీరు త్రాగినవారికి ఓడ తప్పిపోదని, పరాయి రేవులో తోబుట్టువు దొరుకుతుందని నమ్మకం. అయితే "అక్కా" అన్నంతసేపూ తోటల ఆడవారు నీళ్లు పోస్తూనే ఉండడం ఇక్కడి ఆచారం. కనుక దాహం తీరినవారు నోరు మెదపక, తల మాత్రం ఊపవలెను.