తొమ్మిదో గింజ

ఒకానొక రాజ్యంలో ఆడుకోవడానికి వయసు హద్దు ఉండేది. పన్నెండేళ్ళు. ఆ వయసు దాటినవాళ్ళు గవ్వ పట్టినా, బొంగరం తిప్పినా, ఉయ్యాల ఎక్కినా తలారులు వచ్చి పొలిమేర దాటించేవారు.

ఆ శాసనం చేసిన ఉదయార్క మహారాజుకు నలభై మూడు బిరుదులు. వందిమాగధులు వాటిని వరసగా చదివేదాకా ఆయన సింహాసనం మీద కూర్చునేవాడు కాడు. అన్నిటిలోకీ ఆయనకు ఇష్టమైనది ‘గణితసింహ’. శాసనాన్ని కూడా లెక్క వేసే సమర్థించుకున్నాడు. లక్ష మంది పెద్దవాళ్ళు రోజుకొక గడియ ఆట మానేస్తే లక్ష గడియలు. అరవై గడియలు ఒక రోజు. అంటే ప్రతి దినమూ రాజ్యానికి పదహారు వందల అరవై ఆరు రోజులు మిగులుతాయి.

ఆస్థాన గణకుడు మాచన లేచి, లెక్క సరిగ్గానే ఉందనీ, మిగిలిన ఆ రోజులన్నిటినీ ఏ గాదెలో పోయించాలో మాత్రం సెలవివ్వమనీ అడిగాడు. మామూలుగా అతని మాటకు సభంతా ఘొల్లుమనేది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. రాజుగారి ఏడేళ్ళ కూతురు కువలయ జ్వరంతో పోయి అప్పటికి నెల. ఆ పేరు కోటలో ఎవరూ పలకకూడదని ఆజ్ఞ. శాసనానికి అసలు కారణం లెక్క కాదని అందరికీ తెలుసు. మాచనకూ తెలుసు. అందుకే రెండో మాట అనకుండా కూర్చున్నాడు.

రెండేళ్ళు గడిచాయి. మాచన భార్య కొమ్మసాని మంచం పట్టింది. వైద్యుడు నాడి చూసి, లోపల ఏమీ అనకుండా వీధి గుమ్మం దాకా వచ్చి, అమావాస్య దాటడం కష్టమని చెప్పి వెళ్ళాడు. అమావాస్యకు పదకొండు రోజులుంది. మాచన ఆ లెక్కను ఎన్నిసార్లు వేసి చూసినా పదకొండే వచ్చింది.

కొమ్మసాని కోరింది ఒక్కటే. అటక మీది వామనగుంటల పీట దింపమంది. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చొప్పున డెబ్భై చింతగింజలు. దొరికితే పొలిమేర దాటిస్తారని మాచన గుర్తు చేశాడు.

“నన్ను ఎలాగూ దాటిస్తున్నారు కదా. ఈలోగా ఆడుకుంటే ఏం?” అంది ఆమె.

అతను నిచ్చెన వేసుకుని అటకెక్కాడు.

ఆమె పుట్టింటి ఊళ్ళో ఈ ఆటకొక పద్ధతి ఉండేది. గుంటలో వేసే ప్రతి గింజకూ, మనకు మేలు చేసినవాళ్ళ పేరు ఒకటి చెప్పాలి. ఏం మేలు చేశారో కూడా చెప్పాలి. దేవుళ్ళు చెల్లరు. ఎత్తులో ఆఖరి గింజ మాత్రం ఆట నేర్పినవాళ్ళకు. పేరు చెప్పకపోతే గింజ చేతిలోనే ఉండిపోవాలి. కొమ్మసాని పక్కకు ఒత్తిగిలి పడుకుని, మజ్జిగ తెచ్చిన పక్కింటావిడనూ, దుప్పటి ఉతికిన చాకలినీ, తెల్లారి కిటికీలో అరిచిన కాకినీ తలుచుకుంటూ ఒక్కొక్క గింజా వేసేది. కాకి చేసిన మేలేమిటని మాచన తగువుకు దిగేవాడు. ఇంకో రోజు వచ్చిందని ముందుగా చెప్పింది అదే కదా అని ఆమె వాదించేది. ఇద్దరూ ఎన్నో ఏళ్ళుగా అంతగా పోట్లాడుకోలేదు, అంతగా నవ్వుకోలేదు.

రెండో రోజున ఆట మాచన వంతు దగ్గర ఆగింది. మూడు మధ్యాహ్నాలు అతను పీట ముందు గడ్డం గోక్కుంటూ, ఎత్తు దొరకడం లేదంటూ కూర్చున్నాడు. మూడో మధ్యాహ్నం ప్రధాని బొల్లన తలారులతో ఆ వీధిన పోతూ తెరిచిన తలుపులోంచి పీటను చూశాడు.

మర్నాడు సభలో ఆ పీట సాక్ష్యంగా ప్రత్యక్షమైంది. ఒక్క గింజ కదలకుండా మోసుకొచ్చినందుకు బొల్లన చాలా గర్వంగా ఉన్నాడు. మహారాజు పీట వైపు చూడలేదు. ఎటో చూస్తూ, పొద్దుగూకే లోపల గణకుణ్ణి పొలిమేర దాటించమన్నాడు.

మాచన అమావాస్యకు లెక్క వేసుకున్నాడు. ఇంకా ఏడు రోజులు. అవతలి రాజ్యంలో ఏ సత్రం అరుగు మీదో కూర్చుని తను ఆ ఏడూ లెక్కపెట్టుకోవాలి. ఇక్కడ ఆమె ఒక్కతే గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. కాళ్ళ మీద పడదామా అనుకున్నాడు. కానీ ఈ రెండేళ్ళలో ఎంతమంది ఏడ్చినా ఆ మనిషి ముఖం తిప్పుకోవడమే చూశాడు. ఆయన లోపలికి వెళ్ళడానికి తెరిచి ఉన్న తలుపు ఒక్కటే. లెక్క.

“శిక్ష సరే, ప్రభూ. వెళ్ళే ముందు ఒక్క మనవి. ఈ పీట మీద ఒక్క ఎత్తులో ఆట ముగుస్తుందట. మూడు రోజులు చూశాను. తేల్చలేకపోయాను. గణకుడిగా ఆ సిగ్గుతో వెళ్తున్నాను.”

చింతగింజల కోసం గణితసింహుల కాలం వృథా చేయడమేమిటని బొల్లన కసిరాడు. అదీ నిజమే, పైగా వారికీ దొరక్కపోతే సభలో బాగుండదు అన్నాడు మాచన.

రాజు మెడ సాచాడు. సింహాసనం మీంచి అవతలి గుంటలు కనిపించలేదు. ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు దిగాడు. ఎత్తు దొరకడానికి రెండు ఊపిర్లు తీసేంత సేపు పట్టిందేమో.

“నాలుగో గుంట తియ్యి. తొమ్మిది గింజలు. తొమ్మిదోది పడ్డాక పక్క గుంట ఖాళీ, దాని అవతల పదిహేడు. అవి నీవి. ఇంతే కదా?”

నోటి లెక్క రుజువు కాదని తమరే ఎన్నోసార్లు సెలవిచ్చారు, వేసి చూపించాలి అన్నాడు మాచన. కొమ్మసాని ఊరి పద్ధతి కూడా మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. గెలుపు కళ్ళ ముందు కనిపిస్తున్నవాడు పూర్తిగా విన్నాడో లేదో. సరే సరేనంటూ చెయ్యి ఊపి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మొదటి గింజ పట్టుకుని, “బొల్లన” అన్నాడు.

“ఏం మేలు చేశాడు, ప్రభూ?”

బొల్లన ఉత్తరీయం సర్దుకున్నాడు. రాజు అతణ్ణి పైనుంచి కిందికి చాలాసేపు చూశాడు. “ఎప్పుడూ నిలబడే ఉంటాడు” అన్నాడు చివరికి.

“నిలబడ్డమూ మేలే. వేయండి.”

రెండోది, పొద్దున్నే వేణ్ణీళ్ళు కాచి పెట్టేవాడికి. అతని పేరు రాజుకు తెలియదు. వెనక వింజామర వీచే ఆవిడ గొంతు తగ్గించి, గురవడని అందించింది. రాజు వెనక్కి తిరిగి ఆమె పేరు అడిగాడు. చెంగల్వ అట. తొమ్మిదేళ్ళుగా వీస్తోందట. మూడో గింజ ఆమెకు పడింది. నాలుగోది, కత్తి ఏనాడూ జారనివ్వని మంగలికి. ఐదోది, దగ్గు వచ్చినప్పుడు చెప్పకుండానే పులుసు మాన్పించిన వంటవాడికి. ఆరోది పట్టపుటేనుగుకు వేయబోతే బొల్లన అడ్డుపడ్డాడు. దేవుళ్ళు చెల్లరన్నారు కానీ ఏనుగులు చెల్లవని ఎవరన్నారని రాజు అతని మీద విరుచుకుపడ్డాడు. ఏడోది చిన్నప్పుడు మామిడికాయల దొంగతనంలో తన నేరం నెత్తిన వేసుకున్న తోటమాలికి. ఎనిమిదోది ఎత్తుకుని పెంచిన దాదికి. కిరీటం పక్కకు ఒరిగింది. ఆయన దాన్ని సర్దుకోలేదు.

తొమ్మిదో గింజ వేళ్ళ మధ్య ఆగింది.

ఆఖరిది ఆట నేర్పినవాళ్ళకని మాచన అన్న మాట రాజుకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయన తల ఎత్తి మాచన వైపు చూశాడు.  పొలిమేర మాట అటుంచి, తల ఉంటుందా అనుకున్నాడు మాచన. తను చేసింది తెలివైన పనో, పుండు మీద వేలు పెట్టడమో అతనికే తెలియలేదు. అయినా కళ్ళు దించలేదు.

 చెంగల్వ వింజామర ఆగిపోయింది.

“కువలయ” అన్నాడు రాజు.

ఏం మేలు చేసిందని మాచన అడగలేదు. రాజే చెప్పాడు.

“నాకు ఈ ఆట నేర్పింది తనే. ఓడిపోతే ఒక గింజ దవడలో దాచుకునేది. బుగ్గ ఇంత లావున ఉబ్బేది. నన్ను లెక్కపెట్టమనేది. అరవై తొమ్మిదే వచ్చేవి. నేను డెబ్భై అనేవాణ్ణి.” ఆయన గింజను వేళ్ళ మధ్య తిప్పాడు. “గణితసింహుణ్ణి. రోజూ తప్పు లెక్క చెప్పేవాణ్ణి.”

అంటూనే ఆయనకు నవ్వు వచ్చింది. రెండేళ్ళుగా వాడని నవ్వు, ముందు దగ్గులా మొదలై, తర్వాత భుజాలు కుదిపేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నవ్వాలో తల దించుకోవాలో సభకు తెలియలేదు. గింజ గుంటలో పడింది.

మాచన మెల్లగా అన్నాడు. “ప్రభూ, తమరికి నలభై ఆరేళ్ళు. పొలిమేర దాకా ఇద్దరం కలిసి నడుద్దామా?”

ఈసారి రాజు నవ్వు సభ చివరి దాకా వినిపించింది. శాసనం రాసిన తాటాకు తెప్పించి అక్కడే చింపించాడు. మెడలోని ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు. ఇంత చిన్న ఎత్తు ఆస్థాన గణకుడికి మూడు రోజులు ఎలా దొరకలేదని అప్పుడు అడిగాడు.

“మొదటి రోజే కనిపించింది, ప్రభూ. వేస్తే ఆట అయిపోతుంది. మా ఆవిడకు ఇంకో ఆట మొదలుపెట్టే ఓపిక ఉంటుందో ఉండదో అని వేయలేదు.”

రాజు ముఖంలో నవ్వు అలాగే నిలిచి, నెమ్మదిగా కరిగిపోయింది.  తన పల్లకీ తెమ్మన్నాడు. పీటను తనే ఎత్తి పల్లకీలో పెట్టి, మాచనను ఎక్కించి, బోయీలను పరిగెత్తమన్నాడు.

కొమ్మసాని మేలుకునే ఉంది. ఆట ఏమైందని అడిగింది. నా బదులు మహారాజు వేసి గెలిచారన్నాడు మాచన.

“నాలుగో గుంటేనా?” అంది ఆమె. “మీ చెయ్యి దాని మీద మూడు రోజులుగా ఆగి ఆగి వెనక్కి పోవడం చూస్తూనే ఉన్నాను లెండి. అంత పిరికితనమైతే ఎలా? గింజలు పంచండి.”

అతను గుంటకు ఐదేసి పంచాడు. అమావాస్య లోపల ఇంకా నాలుగు ఆటలు ఆడారు. మూడు ఆమె గెలిచింది. నాలుగోది పూర్తి కాలేదు.